నాంచారమ్మ ఆనపపాదు

అనగనగా, మన ముత్తవ్వలకి ముత్తవ్వలు కూడా పుట్టకముందు, కాలవ గట్టున ఒక అద్దకపు పల్లె. ఆ పల్లెలో నాంచారమ్మ అని ఒకామె. పరదాల మీద, దుప్పట్ల మీద పువ్వులు వేసుకుని బతికేది.

ఒక ఏడు వానలు పడలేదు. కాలవ సన్నబడింది. ఉన్న కాసిని నీళ్ళూ ఆ ఊరి దొర కాలవకి అడ్డు వేయించి తన మామిడితోటకి మళ్ళించబోయాడు. పారే నీళ్ళలో ఉతక్కపోతే అద్దకం నిలవదు. అద్దకం లేకపోతే పల్లెకి కూడు లేదు. అందరూ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డారు.

"మా అమ్మ మంచం పట్టింది," అన్నాడు దొర. "గోడవైపు తిరిగి పడుకుంది. తినదు, పలకదు. ఆవిడ ఇటు తిరిగి చూసే పరదా ఒకటి చేసి తెండి. నీళ్ళు మీకే వదిలేస్తాను."

నెమళ్ళ పరదా తెచ్చారు. పెద్దావిడ తిరగలేదు. ఏనుగుల పరదా తెచ్చారు. తిరగలేదు. తామరపూల పరదా తెచ్చారు. తిరగలేదు.

అప్పుడు నాంచారమ్మ ఉత్త చేతులతో వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"అమ్మగారూ, చిన్నప్పుడు మీ పెరట్లో ఏం పూసేదండీ?"

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది.

"ఆనపపాదు," అంది పెద్దావిడ గోడకేసే చూస్తూ. "మా అమ్మ పాక మీదికి ఎక్కించింది. పొద్దువాలితే తెల్లగా విచ్చుకునేది."

నాంచారమ్మ ఇంటికొచ్చి నేలంతా బొగ్గుతో తీగలు గీసింది.

"దొరగారింట్లో ఆనపపాదా! మన నీళ్ళు పోయినట్టే," అని పల్లెవాళ్ళు గుండెలు బాదుకున్నారు.

నాంచారమ్మ బట్ట మీద తీగ గీసి, పువ్వులు తెల్లగా మిగలాలని వాటి మీద మైనం పూసి, బట్టని రంగులో ముంచింది. మొదటిసారి మైనం పగిలి పువ్వుల్లోకి రంగు దిగింది. రెండోసారి పువ్వులు నిలిచాయి గాని, తీగ కర్రలా బిగుసుకుపోయింది. మూడోసారి తన పెరట్లో ఆనపపాదు పక్కనే కూర్చుని, అది ఎటు వంగితే అటే చెయ్యి పోనిచ్చింది.

పరదా పెద్దావిడ గది గుమ్మానికి కట్టారు. దొర మొహం చిట్లించాడు.

"అమ్మగారూ, పాదు పూసిందండీ," అంది నాంచారమ్మ.

పెద్దావిడ మెల్లగా ఇటు తిరిగింది. గాలికి తీగ ఊగింది. పెద్దావిడ తీగంతా వెతికి చూసింది.

"కాయలేవే?" అంది.

"ఇప్పుడే పూత మీదుందండీ. ఇంకా పిందె పడలేదు."

పెద్దావిడ కిసుక్కున నవ్వింది. "పిందె పడేదాకా ఆకలితో ఉండమంటావా? ఒరే అబ్బాయీ, అన్నం పెట్టించరా!"

దొర కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి తనే పరిగెత్తాడు. ఆ పూటే కాలవకి అడ్డు తీసేశారు. పల్లెలో ఆడామగా నీళ్ళలోకి దిగి, బట్టలు ఉతకడం మానేసి ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారు.

నాంచారమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరూ ఎరగరు. ఆ పల్లెలో ఇప్పటికీ ఆనపపాదు పరదాలు అద్దుతారు. తీగకి ఆకులు వేస్తారు, పువ్వులు వేస్తారు, కాయ మాత్రం వెయ్యరు. ఎవరైనా అడిగితే నవ్వేసి, "ఇది నాంచారమ్మ పాదండీ, ఇంకా పిందె పడలేదు," అంటారు.