గోడ మీద జరిగిన అద్దం

ఈ వృత్తాంతం అనకాపల్లిలో చక్రపాణిగారి సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, ఆయన శిష్యుడు దివాకరం నలుగురి ఎదుట చెప్పినది. విన్నవారిలో ఒకరు ఇంటికి వెళ్ళి ఆ సాయంత్రమే కాగితం మీద పెట్టుకున్నారు. ఇక్కడ ఉన్నది ఆ కాగితంలోదే. తన తప్పు వచ్చిన చోట దివాకరం గొంతు తగ్గించలేదని, అందువల్లనే దీన్ని నమ్మవచ్చునని కూడా ఆ కాగితం అడుగున రాసి ఉంది.

చక్రపాణిగారు నలభై ఏళ్ళు కళ్ళద్దాల దుకాణం నడిపి, ఆ తరువాత ప్రతి ఆదివారం ఉదయం తమ ఇంటి వసారాలో పదిమందికి ఉపనిషత్తులు చెప్పేవారు. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఎవరైనా అడిగితే కళ్ళజోడు తీసి, కండువా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అడిగినవాడి ఇంటి సంగతులు వాకబు చేసేవారు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక దివాకరం ఆగి అడిగాడు. "గురువుగారూ, తమరు చెప్పినట్టు ప్రతి సాయంత్రం నన్ను నేను పరీక్షించుకుంటూనే ఉన్నాను. సింహాచలంగారి విషయంలో ఎంత వెతికినా నా దోషం కనపడటం లేదు. ఉన్న మాట అన్నందుకు మనిషి దూరమైతే, ఆ తప్పు ఎవరిది?"

సింహాచలంగారు ఆ చుట్టుపక్కల నాటకాలలో నాలుగు దశాబ్దాలు పద్యం పాడిన మనిషి. ఆయన గొంతులో గడ్డ లేచింది. శస్త్రచికిత్స తప్పదని, ఆ తరువాత కంఠం ఇలాగే ఉంటుందన్న హామీ లేదని వైద్యులు చెప్పేశారు. అందుకని, బీమా ఉద్యోగం నుంచి విరమించిన దివాకరం తన మేడ మీది గదిని ఆ పద్యాల కోసం రికార్డింగు గదిగా మార్చాడు. మైకు, రెండు స్పీకర్లు కొన్నాడు. గోడలకు కొట్టి తిరిగివచ్చే శబ్దాన్ని అణచడానికి పలకలు మాత్రం తానే తయారుచేశాడు. చెక్క చట్రాలలో కొబ్బరిపీచు దట్టించి, పైన బెల్లం మార్కెట్టు నుంచి తెచ్చిన గోనెపట్టా బిగించాడు.

రికార్డు చేసి స్పీకర్లలో విన్నప్పుడల్లా అతనికి పద్యంలో ఒక గరుకు వినిపించేది. దాన్ని యంత్రంలో కొంచెం కొంచెం చెక్కేసి పంపేవాడు. సింహాచలంగారి ఇంట్లో వింటే ఆ పద్యం దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టుండేది. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి దివాకరం, పక్కన మరో ఇద్దరు ఉండగానే, లోపం గదిలో లేదని, గరుకు ఆయన గొంతులోనే వచ్చిందని అనేశాడు. ఆ గొంతు గురించే ఆయన రేయింబవళ్ళు బెంగపడుతున్నాడన్న స్పృహ అప్పుడు లేకపోయింది.

సింహాచలంగారు కండువా భుజాన వేసుకుని లేచారు. "మైకు పాడైన రోజున కూడా ఆఖరి వరస దాకా వినిపించాను బాబూ. నీ పదడుగుల గది దాటలేకపోయానన్నమాట," అని మెట్లు దిగి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. శస్త్రచికిత్సకు ఇంకా ఎనిమిది రోజులుంది.

అంతా విని చక్రపాణిగారు, ఆ గది ఒకసారి చూపించమన్నారు.

గదిలో గోనెపలకల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. "బెల్లం వాసన వీటికి బాగానే తెలిసింది," అని ఆయన నవ్వి, పలకలు ఎక్కడ బిగించాలో ఎలా తేల్చావని అడిగారు. దివాకరం ఉత్సాహంగా చెప్పాడు. వినేవాడు తన కుర్చీలో కూర్చుని, పక్క గోడ మీద అద్దం పెట్టి చూసుకోవాలి. అద్దంలో కనపడిన చోటే పలక కొట్టాలి. సాయానికి ఎవరూ లేక అన్నీ తానే చేసుకున్నాడు.

"అద్దంలో ఎవరు కనపడ్డారు?"

"నేనేనండి."

గురువుగారు బల్ల మీది అద్దం చేతిలోకి తీసుకుని అతణ్ణి కూర్చోమన్నారు. గురువు నిలబడి ఉండగా కుర్చీలో కూర్చోవడానికి దివాకరానికి మనసొప్పలేదు. ఆయన ఒకే మాట రెండుసార్లు చెప్పరని తెలుసు కనుక కూర్చున్నాడు. ఆయన అద్దాన్ని గోడకు ఆనించి నెమ్మదిగా జరపసాగారు. దివాకరానికి తన ముఖం కనపడింది. ఇక్కడేనండి అన్నాడు. ఆయన చెయ్యి ఆగలేదు. ముఖం తప్పుకుంది. కిటికీ అంచు వచ్చింది, తెర వచ్చింది, ఆ తరువాత స్పీకరు నల్లటి గుండ్రం అద్దం నిండా నిలిచింది.

"పద్యం వచ్చేది దాన్లోంచే కదా? అది గోడకు కొట్టి నీ చెవికి తిరిగివచ్చేది ఇక్కడినుంచే." అన్నారు గురువుగారు. "నాకైతే ఇక్కడినుంచి ఉత్త గోడే కనపడుతోంది. చూసి చెప్పవలసింది నువ్వు."

ఆ చోట సుద్దతో గీత గీశారు. పలక ఉన్నది అక్కడికి మూడడుగులు వెనక. రెండో గోడ మీదా అంతే తేడా. ఇద్దరూ కలిసి మేకులు పీకి పలకలను గీతల దగ్గరకు మార్చారు. తరువాత దివాకరం మొదటి రోజున రికార్డు చేసిన పద్యాన్ని, ఏమీ చెక్కనిదాన్ని, పెట్టాడు. పద్యం నిటారుగా, తేటగా నడిచింది. గరుకు లేదు.

ఆ మధ్యాహ్నమే సింహాచలంగారి గుమ్మం ఎక్కాడు. ఆయన లోపలికి రమ్మనకుండానే, గరుకు ఏమైనా తగ్గిందా బాబూ అని అడిగారు.

"గరుకు మీది కాదండి. నా గోడలది. మీ గొంతుకు అంటగట్టాను."

ఆయన కోడల్ని పిలిచి చొక్కా తెమ్మన్నారు.

నాలుగు ఉదయాలలో పద్నాలుగు పద్యాలు పూర్తయ్యాయి. శస్త్రచికిత్స తరువాత సింహాచలంగారు ఆరేళ్ళు బతికారు. మాట గుసగుసను దాటి పైకి లేవలేదు. సాయంత్రాలు తన పద్యాలు తానే పెట్టించుకుని, తొమ్మిదో పద్యంలో రాగం మధ్య ఎవరికీ తెలియకుండా ఊపిరి దొంగిలించిన చోట వేలెత్తి చూపి నవ్వుకునేవారట. దివాకరం గోనెపట్టా ఉతికించి మళ్ళీ బిగించాడు. చీమలు పోయాయి. ఇప్పుడు ఆ గదిలో రెండో కుర్చీ ఉంది. దానిలో ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప అతను ఏ గొంతునూ చెక్కడు. చక్రపాణిగారు తమ ఎనభై రెండో ఏట, ఒక ఆదివారం పాఠం ముగించి పడక కుర్చీలో ఒరిగి, మరి లేవలేదు.

పలకలు మార్చిన రోజున మెట్లు దిగుతూ ఉండగా దివాకరం, తన ప్రశ్నకు సమాధానం ఇంకా రాలేదని గుర్తుచేశాడు. గురువుగారు మెట్టు మీద ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"సాయంత్రం పరీక్షలోనూ, అద్దంలోనూ నీ ముఖమే చూసుకుని, అది కనపడ్డ చోట మేకు కొట్టావు నాయనా. అక్కడి గోడ ఏ పాపమూ ఎరగదు."