తిప్పక్క గట్టు

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, కొర్రలదిన్నె ఊరి బయట తిప్పక్క అని ఒక పిట్టలోళ్ల ఆడమనిషి ఉండేది. ఒక గుడిసె, భుజాన ఉచ్చుల సంచి, అంతే ఆమె ఆస్తి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కౌజు పిట్టలు పట్టేది, ఊళ్లో ఇచ్చి గింజలు తెచ్చుకునేది.

ఆమె చిన్నప్పుడు పొద్దున ఉచ్చులేస్తే మధ్యాహ్నానికి ఇరవై పిట్టలు పడేవి. పెళ్లయిన నాటికి పది. జుట్టు నెరిసే నాటికి ఒకటి. ఒక్కోనాడు ఆ ఒకటీ లేదు.

ఒక ఏడు, తొలకరి పడిన నాలుగో నాడు, ఉచ్చులో ఒక పెట్ట పడింది. మెడ విరవబోయి తిప్పక్క ఆగింది. పిట్ట పొట్ట కింద ఈకలు రాలిపోయి ఉన్నాయి. చర్మం వేడిగా తగిలింది.

"ఓసి నీ! పొదుగుతున్నావటే?" అంది.

వదిలేసింది. అది కుంటుకుంటూ గుట్ట కింద పొలం గట్టు మీది గడ్డిలోకి దూరింది. వెనకే పోయి చూస్తే అక్కడ తొమ్మిది గుడ్లు. ఇన్నేళ్లూ ఒక్కో పెట్టతో పాటు ఎన్నెన్ని పిట్టల్ని పొట్టన పెట్టుకుందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. గట్టు మీదే కూర్చుని ఆ గుడ్లను మళ్లీ లెక్కపెట్టింది.

లేచి తన వాళ్లయిన పిట్టలోళ్ల దగ్గరికి పోయింది. "గుడ్ల మీది పిట్టను పట్టొద్దు. గట్టు మీది గడ్డి కొయ్యొద్దు" అంది.

"వానాకాలమంతా మన్ను తినమంటావా అక్కా?" అన్నారు వాళ్లు.

"గడ్డలు తవ్వుకుందాం. కూలికి పోదాం. పిల్లలు ఎగిరినాక పట్టుకుందాం."

నవ్వారు.

రైతుల దగ్గరికి పోయింది. "గుడ్ల మీది పిట్టను పట్టొద్దు. గట్టు మీది గడ్డి కొయ్యొద్దు" అంది.

"మా ఎద్దులకు నువ్వు మేపుతావా?" అన్నారు. వాళ్లూ నవ్వారు.

ఆ సీమకు ఒక పాలెగాడు ఉన్నాడు. ఓబళ నాయకుడు. చేతి మీద డేగ లేనిదే గడప దాటడు. తిప్పక్క అతని దగ్గరికీ పోయి అదే మాట చెప్పింది.

"పిట్టలు పట్టి బతికేదానివి. పిట్టల మీద నీకు జాలేందే?" అన్నాడు.

"జాలి కాదు దొరా. పట్టేదాన్ని గనకే చెబుతున్నా. ఇట్లాగే పోతే నా ఉచ్చుకూ పిట్ట ఉండదు, నీ డేగకూ ఉండదు."

పాలెగాడికి కోపమొచ్చింది, ముచ్చటా వేసింది. "గుట్ట కింది గట్లు మూడేళ్లు నీవి. మూడో ఏట డేగను తెస్తా. పిట్టలు లేవకపోతే నువ్వూ నీ జనమూ నా సీమ దాటిపోవాలి" అన్నాడు.

మొదటి ఏడు కుక్కలు ఎగబడ్డాయి. తిప్పక్క కర్ర పట్టుకుని గట్ల వెంట తిరిగింది. తొమ్మిది గుడ్లకు ఏడు పిల్లలు దక్కాయి.

రెండో ఏడు వాన లేదు. వాగులో చెలమ తీసి, కడవతో నీళ్లు మోసి, కుండ పెంకుల్లో పిట్టలకు పోసింది. ఆమె కాళ్లు పగిలి నెత్తురు కారడం చూసి, నవ్విన తన వాళ్లే గుడిసెకొకరు చొప్పున వచ్చారు. ఒకరు కడవ అందుకున్నారు. ఒకరు గుప్పెడు సజ్జలు చల్లారు. ఒకరు ఉచ్చులు తెచ్చి ఆమె ముందు పడేశారు.

మూడో ఏడు మిడతలొచ్చాయి. రెక్కలు రాని మిడత పిల్లలు నేలంతా పాకి, సీమలో పైరు మొదలంటా నాకేశాయి.

అప్పుడొచ్చాడు పాలెగాడు, చేతి మీద డేగతో. వెనక రైతులంతా వచ్చారు. గుట్ట కిందికి వచ్చి అందరూ నిలబడిపోయారు. అక్కడ మాత్రం కొర్ర పచ్చగా, నడుమెత్తున నిలబడి ఉంది.

తిప్పక్క చప్పట్లు కొట్టింది. ఏమీ లేవలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేవలేదు. తన వాళ్ల మొహాలు చూసింది. మూడోసారి అరచేతులు మండేలా కొట్టింది.

బుర్రుమని గట్టు గట్టంతా లేచింది! ఒక గుంపు, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. రైతుల తలపాగాలు ఎగిరిపోయేంత గాలి. ఒక పిట్ట ముక్కున ఇంకా మిడత కాలు వేలాడుతూనే ఉంది.

"మా పైరు కాచింది ఇవా!" అన్నాడొక ముసలి రైతు. అని తిప్పక్కకు చేతులెత్తాడు.

పాలెగాడు డేగను వదల్లేదు, దాని కళ్ల మూతైనా తియ్యలేదు. గుర్రం దిగాడు. "ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

"గుడ్ల మీది పిట్టను పట్టొద్దు. గట్టు మీది గడ్డి కొయ్యొద్దు. ఇంకేం వద్దు దొరా."

ఆ పొద్దే సీమంతా దండోరా వేశారు. చలికాలం వచ్చింది, పిల్లలు ఎగిరాయి. తిప్పక్క పొద్దున ఉచ్చులేసింది. మధ్యాహ్నానికి ఇరవై పిట్టలు పడ్డాయి. పెట్టల్ని వదిలేసి, పుంజుల్ని పట్టుకుని, పాడుకుంటూ ఇంటికొచ్చింది.

నిండా బతికి పోయింది తిప్పక్క. ఇప్పటికీ ఆ వైపు కోతలప్పుడు కొడవలి గట్టు దగ్గర ఆగుతుంది. తొలకరి నుంచి చలికాలం దాకా ఎవరూ ఉచ్చు ముట్టరు. కడుపుతో ఉన్న కోడలికి ఎవరైనా బరువు పని చెప్పబోతే, అత్తే అడ్డమొచ్చి, "దాని జోలికి పోవద్దు, అది తిప్పక్క గట్టు మీదుంది" అంటుంది.