కడిగిన గొర్రెపిల్ల

శంభులింగయ్యగారు ఏ ఊళ్ళోనూ మూడు రోజులకు మించి నిలిచేవారు కారు. మఠం వదిలి పద్దెనిమిదేళ్ళుగా పల్లె పల్లె తిరుగుతున్న జంగమయ్య ఆయన. పిలిచిన వాకిట్లో నాలుగు మంచి మాటలు చెప్పి, పెట్టింది తిని, నాలుగోనాటి పొద్దు పొడవకముందే జోలె భుజాన వేసుకునేవారు. వెంట తిరిగే శిష్యుడు చెన్నమల్లుకు ముప్పై ఏళ్ళుంటాయి. నడక అతన్ని ఎన్నడూ బాధించలేదు. విడిచి రావడమే బాధించేది.

ఆ పుష్యమాసంలో వాళ్ళు ఒక ఊరు విడిచి వస్తుంటే, మూడు రోజులు అన్నం పెట్టిన ముసలామె పొలిమేర దాకా వచ్చి కళ్ళు ఒత్తుకుంది. కాలువగట్టు ఎక్కాక చెన్నమల్లు ఇక ఉండబట్టలేకపోయాడు.

"స్వామీ, ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి. మనసు కలిసేసరికి లేచి వచ్చేస్తాం. ఎవరికీ దగ్గర కాకుండా తిరగడమేనా ఇన్నేళ్ళ నడకలో మీరు నేర్చింది?"

"కాళ్ళు పీకుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అన్నారు గురువుగారు, తుమ్మచెట్టు కింద కంబళి పరుస్తూ.

కోత కోసిన పొలంలో గొర్రెల మంద ఒకటి మేస్తూ ముందుకు సాగుతోంది. పై ఊళ్ళనుంచి మేత కోసం ఏటా దిగివచ్చే కురుమల మంద అది. మంద వెనక ఒక గొర్రె ఆగిపోయి ఈనింది. మందను కాసే బీరవ్వ పక్క చేలో పడ్డ రెండు గొర్రెలను మళ్ళించడానికి పరుగెత్తింది. పిల్ల చలిగాలికి గజగజ వణుకుతోంది, ఒళ్ళంతా జిగురు.

చెన్నమల్లు ప్రాణం కొట్టుకుంది. ఒక్క ఉదుటున వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు. కాలువలో శుభ్రంగా కడిగాడు, తన శాలువతో తుడిచాడు, గుండెలకు హత్తుకుని వెచ్చబరిచాడు. నొసట ఇంత విభూతి కూడా పెట్టాడు. తెచ్చి తల్లి ముందు దింపి, మురిపెంగా చూస్తూ నిలబడ్డాడు.

తల్లి వాసన చూసింది. వెనక్కి జరిగింది. పిల్ల పొదుగు దగ్గరికి పోబోతే తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కుమ్మింది. మూడోసారి పిల్ల లేవలేకపోయింది.

అప్పటికి బీరవ్వ వచ్చింది. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"కడిగినవా?"

"చలికి చచ్చిపోతుందేమోనని, అవ్వా..."

"ఇప్పుడు సావదా మరి? తల్లి నాకి ఆనవాలు పట్టాలె. ఆ ఆనవాలంత కాలువల కలిపితివి. ఇప్పుడు పిల్ల నీ వాసనొస్తాంది. నీకు పాలున్నయా, ఇస్తవా?"

ముర్రుపాలు పడకపోతే ఆ పిల్ల మధ్యాహ్నం దాటదని ఆమె చెప్పింది. మంద ఆగదు, సందెలోగా వాగు దాటాలి. తల్లి ఒప్పుకోకపోతే పిల్లను ఇక్కడే వదిలి పోవడమే.

తిడుతూనే బీరవ్వ పని మొదలుపెట్టింది. గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించి నాలుగు ధారలు అరచేతిలోకి పితికి, పిల్లకు తల నుంచి తోక దాకా పులిమింది. ఈనినచోట తడిసిన గడ్డి తెచ్చి రుద్దింది. కొంగుముడి విప్పి ఇంత ఉప్పు వీపు మీద చల్లింది. చెన్నమల్లు సాయం పట్టబోతే కసిరింది.

"నువ్వు పో. ఆ శాలువ పట్టుకోని అల్లంత దూరం పో. నీ మీదికెళ్ళి గాలి ఇటు కొట్టొద్దు."

అతను దూరంగా పోయి గురువుగారి పక్కన నిలబడ్డాడు.

"స్వామీ, ఏదైనా మంత్రం ఉందా?"

"ఉంది. నోరు మూసుకుని నిలబడడం."

గొర్రె పిల్లను చూసింది. మొహం తిప్పుకుంది. ఉప్పు వాసనకు కాబోలు మళ్ళీ తిరిగి, వీపు మీద ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. ఉప్పు అయిపోయాక కూడా నాకుతూనే ఉంది, మెడ, చెవులు, విభూతి పెట్టిన నొసలు. అప్పుడు దాని గొంతులోంచి సన్నని గురగుర వినపడింది. తన పిల్లతో తప్ప ఏ గొర్రే అలా మాట్లాడదు. పిల్ల తూలుతూ లేచింది, పొదుగు వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది. బుల్లి తోక టపటపా ఊగింది.

"పట్టింది!" అంది బీరవ్వ. నడుం మీద చేతులు వేసుకుని బిగ్గరగా నవ్వింది. "ఓ అయ్యా, ఇగ ఊపిరి తీసుకో. మొహం జూడు, నువ్వే ఈనినట్టున్నవ్!"

చెన్నమల్లుకు కళ్ళ నిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. ఒక్కసారి ఆ పిల్లను నిమరాలని రెండు అడుగులు వేశాడు. అక్కడే ఆగిపోయాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పిల్ల గుటకలు వేయడం చూస్తూ నిలబడ్డాడు.

శంభులింగయ్యగారు కంబళి దులిపి మడత పెట్టి, అతని పక్కకు వచ్చారు.

"ఇందాక అడిగావే, ఇంతకన్నా దగ్గర లేదు నాయనా" అన్నారు.