ఏరు దాటి వచ్చిన ముంగిస

ఏటికి ఇవతల కొండ తగలబడింది. కలుగు బూడిదై, తిండి కరువై, ఒక ముంగిస కొట్టుకొచ్చిన దుంగ మీద ఏరు దాటి అవతలి గట్టున ఉన్న పెద్ద దొడ్డికి చేరింది. ఊరు కాని ఊరు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

ఆ దొడ్డిలో పెత్తనమంతా గండుపిల్లిది. ధాన్యపు గాదెకు కాపలా అని చెప్పుకుని, గేదెమ్మ ఇచ్చే పాలు పూటకో చట్టెడు తాగుతుంది. అది ముంగిసను తోక నుంచి మూతి దాకా చూసి, "ఏం పని వచ్చు?" అంది.

"ఎలుకల్ని పడతానయ్యా. పామునైనా వదలను."

"అది మీ కొండల్లో. ఇక్కడి ఎలుకలు వేరు. ఇక్కడి అనుభవం ఉందా?"

"పని ఇస్తేనే కదయ్యా అనుభవం వచ్చేది?"

"నోరు బారెడుందే! ఆ యాసేమిటి, సగం అర్థం కాదు. సరే, మూడు రోజులు పట్టి చూపించు. పరీక్ష అనుకో."

మూడు రోజులూ ముంగిస ఎలుకల్ని పట్టి తెచ్చింది. పిల్లి వాటిని కరచుకుపోయి, తన వేటేనని గేదెమ్మకు చూపించి పాలు తాగింది. ముంగిసకు మిడతలే గతి. "దూకుడెక్కువ, ఇంకో మూడు రోజులు చూద్దాం" అంది పిల్లి. ఆ మూడూ అయ్యాక, "తోక ఊపే తీరు బాగాలేదు" అంది.

కోడిపెట్ట చూడలేక ముంగిసను పక్కకు పిలిచింది. "పిచ్చిదానా, నీకంటే ముందొచ్చిన గుడ్లగూబా ఇలాగే పరీక్షలిచ్చి ఇచ్చి, బక్కచిక్కి వెళ్లిపోయింది. ఈ పిల్లి ఎలుకను పట్టి ఎన్నేళ్లయిందో!"

ముంగిసకు ఒళ్లు మండింది. "ఏరు దాటింది బతకడానికి గాని బతిమాలడానికి కాదు" అంది.

మర్నాడు పాల వేళ. గేదెమ్మ, కోళ్లు, బాతులు అంతా చేరి ఉన్నాయి. ముంగిస గాదె కింద నుంచి బలిసిన పందికొక్కును ప్రాణాలతో ఈడ్చుకొచ్చి, పిల్లి ముందు కాలితో అదిమిపట్టింది.

"అయ్యా! ఇక్కడి పద్ధతి నాకు రాదన్నారు. ఒక్కసారి మీరు పట్టి చూపించండి, నేర్చుకుంటాను" అని కాలు తీసేసింది.

పందికొక్కు గుర్రుమంటూ పిల్లి మీదికి ఉరికింది. పిల్లి పాలచట్టి తన్నేసి, లబోదిబోమంటూ చూరెక్కింది. బాతులు పగలబడి నవ్వాయి. పందికొక్కు గాదెలోకి దూరేలోగా ముంగిస ఒక్క దూకున దాని మెడ కొరికేసింది.

గేదెమ్మ చూరు వైపు తలెత్తింది. "ఇన్నాళ్లూ ఎవరి వేటకు ఎవరు పాలు తాగారు?"

"ఆ పిల్ల పరవాలేదమ్మా, ఇంకో మూడు రోజులు చూసి..." పిల్లి పైనుంచే నసిగింది.

"చూసింది చాలు!" అంది ముంగిస. "గేదెమ్మా, నా పని మీ కళ్ల ముందే ఉంది. కాపలా ఇస్తే గాదెలో గింజ పోనివ్వను. పరీక్ష అంటారా, ఈ గట్టున ఇంకా పది దొడ్లున్నాయి."

గేదెమ్మ ఒలికిన చట్టిని నిండా నింపి ముంగిస ముందుకు జరిపింది. పిల్లి పొద్దుగూకేదాకా చూరు దిగలేదు. దిగాక దానికి పాలూ లేవు, పెత్తనమూ లేదు.

పని చేతకానివాడే పనివాడికి రోజుకో పరీక్ష పెడతాడు.