లెక్కలోకి రాని కోటేశ్వరి

ప్రద్యుమ్న పరిశోధన పూర్తయింది. అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిన ఒక్క మనిషి తప్ప.

ఆ మనిషి డాక్టర్ రహమతుల్లా. మిరప, పత్తి పండే ఆ జిల్లాలో పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి ఆయనే అధిపతి, ప్రద్యుమ్నకు గురువు. తెలియనిది తెలియదని రోగి ముందే ఒప్పుకోవడం ఆయనకు అలవాటు. అందుకు తోటి డాక్టర్లు కొందరు చాటున నవ్వుకునేవారు కూడా.

శనివారం మధ్యాహ్నం శిష్యుల్ని కూర్చోబెట్టి, ఎవరో రాసిన పరిశోధన వ్యాసం ఒకటి చదివించి, "ఇందులో నమ్మకూడనిదేమిటి?" అని అడగడం ఆయన పద్ధతి. ఆ పనిలో ప్రద్యుమ్నను మించినవాడు లేడు. ఎంత పేరున్న పత్రికలో వచ్చిన వ్యాసమైనా సరే ఈకకు ఈక, తోకకు తోక పీకి పెట్టేవాడు. అయితే కాకిపిల్ల కాకికి ముద్దు. తన సొంత వ్యాసం దగ్గరికొచ్చేసరికి ఆ పదునంతా ఎటు పోయిందో!

సంగతి ఇదీ. చేలో పురుగుమందు కొడుతూ విషం ఎక్కి వచ్చేవాళ్లకు, మామూలు వైద్యంతో పాటు ఒక కొత్త మందు కూడా డ్రిప్పులో ఎక్కిస్తే మేలా, కాదా? ఎవరికి ఎక్కించాలన్నది డాక్టరు ఇష్టం కాదు. బంధువుల ముందు మూసిన కవరు విప్పితే, లోపలి చీటీలో ఏముంటే అది. ఆ డ్రిప్పు నెమ్మదిగా మర్నాటిదాకా ఎక్కాలి.

"కొత్త మందు పూర్తిగా ఎక్కినవాళ్లలో ఒక్కరే పోయారు సార్. మామూలు వైద్యంలో చాలామంది పోయారు," అన్నాడు ప్రద్యుమ్న. "సోమవారం డాక్టర్ల సభలో చదువుతున్నాను. బాగుందనుకుంటే జిల్లాలో అన్ని ఆసుపత్రుల్లోనూ ఇదే పెడతామంటున్నారు. మీ సంతకం ఒక్కటే మిగిలింది."

రహమతుల్లా తలెత్తారు. "పూర్తిగా ఎక్కకుండానే పోయినవాళ్లో?"

"వాళ్లని తీసేశాను సార్. మందు పూర్తిగా పడందే దాని గుణం ఎలా తెలుస్తుంది?"

మామూలు వైద్యంలో మొదటి రాత్రే పోయినవాళ్లు మాత్రం లెక్కలోనే ఉండిపోయారు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

గురువు సంతకం పెట్టలేదు. లేచి వరండాలోకి వెళ్లి, పొద్దుటి నుంచి అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్న ఒక రైతును లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలోనే కూర్చోబెట్టారు.

ప్రద్యుమ్న గుర్తుపట్టాడు. అంకారావు. వానాకాలంలో కూతురు కోటేశ్వరిని ఆటోలో వేసుకొచ్చిన మనిషి. మిరప చేలో మందు కొట్టి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నురగలు కక్కుతూ పడిపోయింది ఆ పిల్ల. తెల్లారేసరికి పోయింది.

"మరణ ధ్రువపత్రం కోసం వచ్చాను సార్," అన్నాడు అంకారావు. "రేషన్ కార్డులో పిల్ల పేరు తీయించాలంట. ఆ కాగితం ఉంటేగాని కుదరదంటన్నారు."

"నేను ఇప్పిస్తాను," అన్నారు రహమతుల్లా. టీ తెప్పించారు. "ఈలోగా మావాడు సోమవారం సభలో చెప్పబోయేది మీకు చెప్తాడు, వినండి. మీ పిల్లను ఇందులో చేర్చడానికి మీరేగా వేలిముద్ర వేసింది."

సభ కోసం బట్టీ పట్టిన ఇంగ్లీషంతా అక్కరకు రాలేదు. ప్రద్యుమ్న తడుముకుంటూ తెలుగులో చెప్పాడు. కొత్త మందు మంచిదని తేలిందని, పూర్తిగా ఎక్కినవాళ్లలో ఒక్కరే పోయారని.

అంకారావు ముఖం విప్పారింది. "మంచి మాట చెప్పారు బాబూ. ఏం జరిగినా మీ పిల్ల వల్ల రేపు ఇంకొకళ్లకి మేలు జరుగుద్దని ఆ రోజు మీరే అన్నారు. ఆ మాట మీదే నేను వేలేసింది. చీటీలో కొత్త మందొచ్చిందని మా ఆడాళ్లు దణ్ణాలు కూడా పెట్టుకున్నారు." గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కరే పోయారన్నారే, ఆ ఒక్కరూ మా కోటేశ్వరేగా?"

"కాదండీ. ఆయనెవరో పెద్దాయన," అన్నాడు ప్రద్యుమ్న.

"మరి మా పిల్ల?"

ప్రద్యుమ్న గురువు వైపు చూశాడు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు.

"మందు పూర్తిగా ఎక్కకముందే పోయింది కదండీ. అందుకని... లెక్కలో వేసుకోలేదు."

"ఎక్కతానే ఉందిగా బాబూ? పిల్ల పోయేదాకా ఎక్కతానే ఉంది. సూది ఊడకుండా చెయ్యి పట్టుకు కూచుంది నేనేగా." ఆ గొంతులో కోపం లేదు. అర్థం కాక అడుగుతున్నాడంతే. "పోన్లెండి. మీకు పనికిరాలేదన్నమాట మా పిల్ల," అని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు.

రహమతుల్లా అతని భుజం మీద చెయ్యి వేసి, కాగితాలిచ్చే గది దాకా తోడు వెళ్లారు.

ప్రద్యుమ్న ఒక్కడే మిగిలాడు. అంకారావు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. చొక్కా పట్టుకుని నిలదీసినా ఇంత బాధ ఉండేది కాదు.

కంప్యూటర్ తెరిచాడు. తీసేసిన ఒక్కొక్కరినీ, వాళ్ల చీటీ వాళ్లను ఏ వైపు వేసిందో ఆ వైపే మళ్లీ చేర్చడం మొదలుపెట్టాడు. కోటేశ్వరి వయసు రాస్తుంటే కళ్లు మసకబారాయి. తన చెల్లెలి ఈడు.

గురువు తిరిగొచ్చేసరికి లెక్క తిరగబడింది. కొత్త మందు ఎక్కించినవాళ్లలోనే ఎక్కువమంది పోయారు.

"నేను అబద్ధం రాయలేదు సార్," అన్నాడు ప్రద్యుమ్న. "ఈ మందు పనిచేస్తుందని నిజంగానే నమ్మాను."

"తెలుసు నాయనా. నేనూ నమ్మాను. ఈ పరిశోధనకు మొదట ఒప్పుకున్నది నేనేగా."

"సోమవారం ఇదే చదువుతాను సార్. ఈ మందు పెట్టవద్దనే చెప్తాను."

రహమతుల్లా కొత్త లెక్కను మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివి సంతకం పెట్టారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ప్రద్యుమ్నా, ఆ పిల్ల పోయిన తర్వాత ఈ మందు ఇంకెంతమందికి ఎక్కించాం మనం?"

ప్రద్యుమ్నకు ఆ సంఖ్య తెలుసు.