వేడెక్కితే దిగని సూది

విశాఖపట్నం ఆటోనగర్‌లో చేపలవేట పడవల ఇంజన్లకు ఇంజెక్టర్ వాల్వులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో హైమావతి అనే డిజైన్ ఇంజనీరు ఉండేది. ఆమె పనితనానికి వంక పెట్టడానికి లేదు గాని, "తప్పు నాదే" అనే మాట మాత్రం బుద్ధెరిగాక ఆమె నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఆ ఉప్పు ప్యాకెట్టులోనే ఏదో తేడా ఉందనేది. బస్సు తప్పిపోతే బస్సే ముందుగా వచ్చిందనేది. ఒకసారి తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుని, ఆ తాళం చేసిన కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాసింది. ఇంట్లోవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఫ్యాక్టరీలో మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కారు. ఎందుకంటే వాల్వుల విషయంలో నూటికి తొంభై తొమ్మిది సార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. ఆ మిగిలిన ఒక్కటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఆమెకు అసలే తెలియదు.

ఇంజెక్టర్ వాల్వు అంటే పెద్ద వస్తువేమీ కాదు. వేలెడంత ఇనుప గొట్టం, అందులో ఒక సూది. పంపు డీజిల్‌ను నెట్టినప్పుడల్లా సూది లేస్తుంది, డీజిల్ సన్నటి తుంపరగా ఇంజన్‌లోకి చిమ్ముతుంది, సూది మళ్ళీ దిగి కూర్చుంటుంది. నిమిషానికి కొన్ని వందల సార్లు ఇదే పని. సూదికీ గొట్టానికీ మధ్య ఉండే సందు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. అందుకే ఏ సూదిని ఏ గొట్టంలో పెట్టి సానబట్టారో ఆ రెండింటికీ ఒకే నంబరు వేసి జతగానే ఉంచుతారు. ఒకదాని సూది ఇంకొకదానికి పనికిరాదు.

ఆ జతలను పరీక్షించే పని కూర్మారావుది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, సూదిని మూడో వంతు పైకి లాగి వదిలేవాడు. సూది తన బరువుకే మెల్లగా జారి అడుక్కి చేరితే జత మంచిది. మధ్యలో ఆగితే పక్కన పెట్టేవాడు. ఇలా ఎన్ని వేల సూదులు అతని కళ్ళ ముందు దిగాయో లెక్కలేదు.

ఆ ఏడు హైమావతి ఒక కొత్త వాల్వు డిజైన్ చేసింది. సముద్రపు ఉప్పుగాలికి పాత గొట్టాలు తుప్పు పట్టిపోతున్నాయని, గొట్టం మటుకు తుప్పు పట్టని ఉక్కుతో చేయించింది. సూది పాత ఉక్కుదే ఉంచింది. ఆలోచన మంచిదే. మొదటి ఆరు వాల్వులనూ పడవ నడిపే ఎల్లాజీ అనే సరంగు తన ఇంజన్‌లోని ఆరు సిలిండర్లకూ పెట్టించుకున్నాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే వేట నిషేధం రోజుల్లో పడవ ఒడ్డునే ఉంది కాబట్టి ఇంజన్ విప్పడానికి అదే అదను. "ఈయమ్మ సేసిందంటే ఇంక సూసుకోనక్కర్లేదు" అని ఆయన నలుగురిలో చెప్పి మరీ పెట్టించుకున్నాడు.

ఆ వాల్వులు పంపేముందే కూర్మారావు హైమావతి దగ్గరికి వచ్చి ఒక సంగతి చెప్పాడు. జతలను వేడి నూనెలో కడిగినప్పుడు, కడిగిన వెంటనే చూస్తే సూది ముందరిలా జారడం లేదట. చల్లారాక మళ్ళీ బాగానే జారుతోందట. హైమావతి కంప్యూటర్ నుంచి తల తిప్పకుండానే, పరీక్ష చల్లగా ఉన్నప్పుడే చేయాలని రూలు ఉందని చెప్పింది. వారం తర్వాత అతను మళ్ళీ చెప్పాడు. నూనెలో నలక ఉండి ఉంటుందని ఆమె అంది. మూడోసారి చెప్పినప్పుడు, "కూర్మారావు గారూ, మీ కళ్ళు ఒకసారి చూపించుకోండి" అంది. నిజానికి ఆ సందు లెక్క ఆమె మళ్ళీ వేసి చూడనేలేదు. పాత డ్రాయింగులో ఉన్న అంకెనే కొత్తదాంట్లోనూ ఉంచేసింది. కూర్మారావు వెనుదిరిగి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. చిన్నబుచ్చుకున్నాడని అందరికీ తెలిసింది.

వేట నిషేధం ముగిసిన రోజు పొద్దున్నే పడవలన్నీ కర్పూరం వెలిగించుకుని, కొబ్బరికాయలు కొట్టుకుని సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. ఎల్లాజీ పడవ కూడా వెళ్ళింది. అందులో ఎనిమిది మంది ఉన్నారు.

ఆ రోజు తొమ్మిది గంటలకు హైమావతి ఫ్యాక్టరీకి వచ్చేసరికి, ఆమె బల్ల పక్కన కూర్మారావు కరెంటు పొయ్యి మీద గిన్నెడు నూనె కాచుకుని నిలబడి ఉన్నాడు. నూనెలో ఒక జత ఉంది.

"నాను సెప్తే మీకు కోపమొస్తాది మేడమ్. అదే సెప్తాది, సూడండి" అన్నాడు.

పట్టకారుతో జతను తీసి, గొట్టాన్ని నిలబెట్టి, సూదిని మూడో వంతు పైకి లాగి వదిలాడు. సూది కదల్లేదు. వేలితో తట్టాడు. కొంచెం దిగి మళ్ళీ ఆగిపోయింది.

హైమావతి కూర్చుండిపోయింది. ఇంతకాలం చూడని లెక్క ఆమెకు ఒక్క క్షణంలో కనబడింది. వేడికి రెండు ఉక్కులూ ఉబ్బుతాయి, కానీ పాత ఉక్కు సూది ఉబ్బినంతగా కొత్త ఉక్కు గొట్టం ఉబ్బదు. సందు మూసుకుపోతుంది. ఈ గిన్నెలో నూనెకే ఇలా ఉంటే ఇంజన్ వేడికి ఇంకెలా ఉంటుంది? పడవ మామూలుగా పోతున్నంతసేపూ ఫర్వాలేదు. వల దించి లాగడం మొదలుపెట్టాక ఇంజన్ బాగా వేడెక్కుతుంది. అప్పుడు ఆరు సూదులూ ఒకదాని వెనక ఒకటి బిగుసుకుపోతాయి. జూన్ గాలుల్లో ఇంజన్ ఆగిపోయిన పడవ ఎటు కొట్టుకుపోతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

సెల్‌ఫోన్లు అంత దూరం అందవు. హార్బర్‌లోని పడవల సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్ ఒక్కటే దిక్కు. మధ్యాహ్నం దాటితే పడవలు మరీ దూరం పోతాయి, అది కూడా అందదు. హైమావతి, కూర్మారావు, ఫ్యాక్టరీ యజమాని పార్థసారథి కలిసి కారులో బయల్దేరారు.

దారిలో పార్థసారథి ఒక ఉపాయం చెప్పాడు. వాల్వు సంగతి ఎత్తొద్దని, డీజిల్‌లో నీళ్ళు కలిశాయని చెప్పి వెనక్కి రప్పిద్దామని, తర్వాత నెమ్మదిగా వాల్వులు మార్చేద్దామని అన్నాడు. ఆ వైర్‌లెస్‌లో మాట్లాడితే సముద్రం మీదున్న పడవలన్నీ వింటాయి, మన పేరు ఏం కావాలి అన్నాడు. ఆ మాట వినగానే హైమావతికి ప్రాణం లేచొచ్చింది. పడవ వెనక్కి వస్తుంది, మాట పడక్కర్లేదు. ఇంతకన్నా ఏం కావాలి? కూర్మారావు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సెట్ దగ్గరి గుమస్తా ఎల్లాజీని పిలిచి మైకు ఆమె చేతికిచ్చాడు. ఆమె గొంతు సవరించుకుని, నిన్న వచ్చిన డీజిల్‌లో నీళ్ళు కలిసినట్టు అనుమానంగా ఉంది, వెంటనే వెనక్కి రండి అని చెప్పింది.

ఎల్లాజీ నవ్వు సెట్లో గరగరమంటూ వినిపించింది. "మేం గుడ్డేసి వడగట్టకుండా ట్యాంకులో ఎప్పుడు పోసినామమ్మా? సుక్క నీరు నేదు. డీజిలు బాగుంది. అరగంటలో వల దించతన్నాం."

నిజమే. డీజిల్‌ను రెండు మడతల గుడ్డలో వడగట్టి పోయడం ఆ రేవులో తాతల నాటి అలవాటు. అది హైమావతికి తెలుసు, తెలిసీ మరిచిపోయింది. అబద్ధం అక్కడే తేలిపోయింది. ఇంకో అబద్ధం వెతకడానికి అరగంట ఉంది గాని, ఆ అబద్ధం కూడా ఎల్లాజీ వడగట్టేస్తే?

గుమస్తా గదిలో గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. గుమ్మం దగ్గర నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కబురు ఎలా పొక్కిందో గాని, వాళ్ళు ఆ పడవలో వెళ్ళినవాళ్ళ తాలూకు మనుషులు. ఒకామె చంటిబిడ్డను భుజాన వేసుకుని హైమావతి ముఖంలోకే చూస్తోంది. హైమావతికి సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది, అదే ఆమెను కాపాడింది.

ఆమె మళ్ళీ మైకు నొక్కింది.

"ఎల్లాజీ గారూ, డీజిల్ మాట అబద్ధం. మీ పడవకు నేను చేసిన వాల్వులు తప్పు. ఇంజన్ వేడెక్కితే సూదులు బిగుసుకుపోతాయి. మా కూర్మారావు గారు మూడుసార్లు చెప్పారు, నేను వినలేదు. తప్పు నాదే. వల దించకండి. సగం వేగంతో తిరిగి వచ్చేయండి."

సముద్రం మీదున్న పడవలన్నీ ఆ మాట విన్నాయని హైమావతికి తెలుసు. పార్థసారథి తల పట్టుకున్నాడు.

"సరేనమ్మా. వల ఇంకా పడవలోనే ఉంది. తిరుగుతన్నాం" అంది ఎల్లాజీ గొంతు.

ఇంకో పడవ సరంగు, తాను ఆ దగ్గర్లోనే ఉన్నాననీ, ఎల్లాజీ వెనకాలే కొంతదూరం వస్తాననీ చెప్పాడు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు అక్కడే మెట్ల మీద కూర్చున్నారు. హైమావతి కూడా వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. ఎవరో ఆమెకు టీ గ్లాసు అందించారు. ఆమె తిట్లకు సిద్ధపడి ఉంది గాని టీకి సిద్ధపడి లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మూడు గంటలకు ఎల్లాజీ పడవ రేవు ముఖద్వారం దగ్గర కనిపించింది. ఇంజన్ దగ్గుతూ, నల్లటి పొగ కక్కుతూ వస్తోంది. దారిలోనే రెండు సిలిండర్లు మొరాయించాయట, మిగిలిన నాలుగు సిలిండర్లతోనే లాక్కొచ్చారు. చంటిబిడ్డ తల్లి ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది మంది. ఇంకోసారి లెక్కపెట్టి, అప్పుడు కూర్చుంది.

కూర్మారావు పడవలోకి దిగి, మొరాయించిన సిలిండరులోంచి వాల్వును వేడిగా ఉండగానే ఊడదీసి పట్టకారుతో సూదిని లాగాడు. రాలేదు. ఎల్లాజీ తీసుకుని లాగాడు. రాలేదు. వల దించి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న వాళ్ళెవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

హైమావతి తలవంచుకుని, ఇక మీ పడవ జోలికి రాను అంది.

"అదేటమ్మా అలాగంతారు?" అన్నాడు ఎల్లాజీ. "వాలువులు సేసినోళ్ళని శానామందిని సూసినాను. నాను సేసింది పాడైపోద్ది, తిరిగొచ్చేయండని పిలిసినోళ్ళని ఇయ్యాలే సూసినాను. మళ్ళీ సెయ్యండి. ముందు నా పడవకే ఎయ్యండి."

అంతవరకూ పేరు పోయిందని దిగులుపడుతున్న పార్థసారథి ముఖం కూడా తేటపడింది.

హైమావతి ఆ రాత్రి చాలాకాలానికి ఆదమరిచి నిద్రపోయింది. మర్నాడు పొద్దున్నే మొదట కూర్మారావు బల్ల దగ్గరికి వెళ్ళి, కళ్ళు చూపించుకోవలసింది మీరు కాదు నేను అని చెప్పింది. తర్వాత సూదినీ గొట్టాన్నీ ఒకే ఉక్కుతో చేసేలా డ్రాయింగు మార్చి, లెక్కలన్నీ మొదటి నుంచి వేసింది. ఎల్లాజీ పడవ పదిరోజుల్లో కొత్త వాల్వులతో మళ్ళీ వేటకు వెళ్ళి, నిండుగా తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ప్రతి జతనూ రెండుసార్లు పరీక్షిస్తున్నారు, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి. ఆ రెండో పరీక్షకు అందరూ కూర్మారావు పరీక్ష అనే పేరు పెట్టుకున్నారు.

ఇంట్లో సాంబారులో ఉప్పు ఇప్పటికీ అప్పుడప్పుడు ఎక్కువవుతూనే ఉంది. "నేనే వేశాను, తప్పు నాదే" అని హైమావతి అనడం విని మొదట్లో ఇంట్లోవాళ్ళు బిత్తరపోయారు, తర్వాత అలవాటు పడ్డారు.

నీతి: తప్పు చేయడం ఎవరికైనా సహజమే, దాన్ని ప్రమాదం జరగకముందే నోరు తెరిచి ఒప్పుకున్నవాళ్ళు తమ పరువును పోగొట్టుకోరు, పదిమంది ప్రాణాలు నిలబెడతారు, వాళ్ళ నమ్మకాన్నీ నిలబెట్టుకుంటారు.