వంకర లేని ఇల్లు

గుమ్మడివలసలో తెలివంటూ ఉంటే అది తన గడపలోనే ఉందని సూరప్పడి నమ్మకం. ఊళ్ళోవాళ్ళు తనని చూసి నవ్వితే, పాపం, తన తెలివికి ముచ్చటపడుతున్నారనుకునేవాడు. తమ్ముడు గవరయ్యా, పెళ్ళాం పైడమ్మా అవునవునని తలలూపేవాళ్ళు.

ఒకనాడు గవరయ్య సైకిలు మీద టౌనుకెళ్ళి ఏడుపు మొహంతో తిరిగొచ్చాడు.

"అన్నా, పోలీసాయన ఆపేశాడు. ఇది రాంగు, ఇంకోసారి రాంగు కనబడితే లోపలేస్తానన్నాడు. రాంగంటే ఏంటన్నా?"

సూరప్పడికి తెలిస్తేగా! ఇంగ్లీషు చెప్పి రిటైరైన జగ్గారావు మేష్టారి దగ్గరికి పరుగెత్తాడు. మేష్టారికి మాటల పుట్టుకలంటే ప్రాణం.

"రాంగంటే తప్పురా. కానీ వెనకటికి ఆ మాటకి వంకర, మెలితిరిగింది అని అర్థం. తిన్నగా ఉంటే రైటు, వంకరగా ఉంటే రాంగు. అలా అలా తప్పుడు పనికి పేరైపోయింది."

సూరప్పడు ఒక్క పరుగున ఇంటికొచ్చి చుట్టూ చూశాడు. ఇంటినిండా వంకరలే!

"ఒసే పైడీ, జైలుకి పోయే కొంప ఇది! వంకరగా ఏది కనబడినా తిన్నగా చెయ్యండి!"

అంతే. గవరయ్య సుత్తి తీసుకుని కొడవళ్ళన్నీ కొట్టి కొట్టి బద్దల్లా సాపు చేశాడు.

"రేపు వరి ఎలా కోస్తాం మావా?" అంది పైడమ్మ.

"కొయ్యలేకపోతే పొడుద్దాం!" అన్నాడు సూరప్పడు.

ఇంకేముంది, పైడమ్మ పొయ్యి మీదున్న జంతికల పని పట్టింది. పిండి నింపిన గిద్దెల గొట్టాన్ని చుట్టూ తిప్పకుండా తిన్నగా లాగింది. జంతిక మూకుడు దాటి, పొయ్యి దాటి, పడుకున్న పిల్లి వీపు మీదికెక్కింది.

"ఎంత తిన్నగా వచ్చిందో చూడు!" అని మురిసిపోయింది.

అప్పుడే పెరట్లో గేదె అరిచింది. ముగ్గురూ దాని కొమ్ములు చూసి కొయ్యబారిపోయారు. అన్నదమ్ములు చెరో కొమ్మూ పట్టుకుని లాగారు. గేదె ఒక్క విదిలింపు విదిలించింది. గవరయ్య పేడకుప్పలో, సూరప్పడు కుడితి తొట్టిలో.

ఆ ఇంటికి తిండి పెట్టేది ఆ గేదె పాలే. సూరప్పడు దాని మెడ కావిలించుకుని భోరుమన్నాడు. "నీ తప్పేం లేదమ్మా, పుట్టుకే అలాంటిది. మనమే వెళ్ళి ఒప్పుకుంటే పోలీసు బాబుగారు దయ చూస్తారు."

గేదెని తోలుకుని ముగ్గురూ పోలీసు స్టేషనుకెళ్ళారు.

"ఏం చేసిందిరా ఇది?" అన్నాడు ఎస్సై.

"కొమ్ములు చూడండి బాబూ, పచ్చి రాంగు!"

కథంతా విని ఎస్సై కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఏ కేసూ లేదు. గేదెని తోలుకుని తిన్నగా ఇంటికి పొండి."

తిన్నగా! అంతే, ముగ్గురూ ముక్కుసూటిగా నడిచారు. రోడ్డు మలుపు తిరిగింది, వీళ్ళు తిరగలేదు. ఎవరిదో మిరపతోట తొక్కారు. పెళ్ళిపందిట్లో భోజనాల బంతి మధ్యలోంచి గేదెతో సహా నడిచారు. పీకల్లోతు కాలవ దాటారు. చివరికి ఓ మట్టిగోడ అడ్డొచ్చింది.

"మనింటి వెనక గోడే అన్నా. చుట్టూ తిరిగెళ్దామా?"

"తిరగడమా! ఎస్సైగారి మాటంటే లెక్కలేదా?"

ఇంకేముంది, ముగ్గురూ గేదె వెనక చేరి ఒక్క తోపు తోశారు. గోడకి దభాలున పెద్ద కన్నం పడింది. తీరా చూస్తే అది పక్కింటి గోడ. లోపల ఆసిరయ్య, నోట్లో అన్నం ముద్దతో!

"ఓరి నాయనో! నా ఇంటికి కన్నం వేస్తార్రా? ఇది నేరం కాదూ?" అని లబోదిబోమన్నాడు.

సూరప్పడు వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి కన్నాన్ని పరిశీలనగా చూశాడు.

"నిజమే బావా, కాస్త గుండ్రంగా వచ్చింది. ఒరే తమ్ముడూ, గేదెని వెనక్కి తే. అంచులు తిన్నగా చేసేద్దాం!"